మేయర్ ఇంట్లో గ్లాసుడు నీళ్లు

రాంజెల్‌ను నలుగురు పోలీసులు చేతులూ కాళ్లూ పట్టుకుని మోసుకెళ్లి రోడ్డు వారన బురదలో పడేశారు. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి, గొర్రెలు కాచుకునేవాడు. పైపులు తెచ్చిన లారీకి అడ్డంగా పడుకున్నాడు, అదీ ఆయన చేసిన నేరం. పడేశాక ఒక కుర్ర పోలీసు తన బూట్లకంటిన బురద చూసుకుని చీదరించుకున్నాడు.

అక్కడికి నాలుగడుగుల్లోనే గుడారం. గుడారం కింద బ్రెజోవార్ మేయర్ గ్రాడిమీర్ కాల్చిన గొర్రెపిల్ల తొడ కొరుకుతున్నాడు. పక్కన కాంట్రాక్టర్ సినీషా. మల్షా నదిని పైపులో దూర్చి కరెంటు తీసే పనికి ఆ రోజు ప్రారంభోత్సవం. టీవీ కెమెరా తన వైపు తిరగగానే మేయర్ వేళ్లు తుడుచుకుని, "మా మునిసిపాలిటీలో ప్రతి పౌరుడికీ గౌరవముంది," అన్నాడు. నోట్లో ముక్క ఇంకా నమలనే లేదు.

స్తోయాంకా ఇదంతా రొట్టెల పళ్లెం పట్టుకుని చూసింది. ఆమె పట్నంలో బడి వంటశాలలో వంటమనిషి. మేయర్ ఎక్కడ విందు చేసినా బడి వంటవాళ్లే వెళ్లి వండిపెట్టాలి. బురదలో పడ్డది ఆమె సొంత చిన్నాన్న. పళ్లెం పక్కన పడేసి పరుగెత్తాలని ఆమె కాళ్లు లాగాయి. పరుగెత్తలేదు. ఆమెది మూడు నెలలకోసారి మేయర్ సంతకం పెడితే నిలిచే ఉద్యోగం. రెండో పళ్లెం కోసం ఎవరో వేలు ఊపితే వెళ్లి తెచ్చింది. ఆ సాయంత్రం చిన్నాన్న దగ్గరికి వెళ్లి ఆయన కోటుకంటిన బురద గోకుతుంటే ఆయన ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

బ్రెజోవార్ పేరు వినగానే ఏదో పెద్ద నగరమనుకునేరు. ఒక చౌరస్తా, ఒక చర్చి, మూతపడ్డ బట్టల మిల్లు, చుట్టూ కొండల్లోకి పాకిన పల్లెలు, అన్నీ కలిపి ఒక మునిసిపాలిటీ. మిల్లు పోయాక జీతాలిచ్చే చోటు ఒక్కటే మిగిలింది, అది మునిసిపాలిటీ ఆఫీసు. వీధులూడ్చేవాడు మొదలుకుని ఆస్పత్రి నర్సు దాకా మేయర్ పార్టీ కార్డు జేబులో ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అలాంటి చోట ఒకడికి కళ్లు నెత్తికెక్కడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. గ్రాడిమీర్‌కు అవి లేవు కూడా. చౌరస్తాలో పాటలకు గంతులేసే రంగుల ఫౌంటెన్ కట్టించాడు. అది చూసి తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు. పల్లెల్లో కుళాయిలు దగ్గుతున్న రోజుల్లో ఆ ఫౌంటెన్ ఎర్రగా, పచ్చగా ఎగురుతూనే ఉంది.

సినీషా మేయర్‌కు కూమ్. పెళ్లిలో సాక్షిగా నిలబడ్డవాడు, బిడ్డకు జ్ఞానస్నానం చేయించినవాడు. ఇక్కడ సొంత తమ్ముణ్ణి కాదన్నా కూమ్‌ను కాదనరు. కూమ్‌కు మంచి గడియారం ఇస్తారు, పొగబెట్టిన పంది తొడ ఇస్తారు. గ్రాడిమీర్ నది ఇచ్చాడు. అదేదో వాళ్ల తాత తవ్వించిన కాలవ అయినట్టు.

ఏడాది తిరక్కుండానే మల్షా ఎండిపోయింది. చేపలు రాళ్ల మధ్య వెల్లకిలా పడి కంపు కొట్టాయి. రాస్ప్‌బెర్రీ తోటలు మాడాయి. లోయలో అన్నిటికంటే పైనున్న గోర్నిదోల్‌కు మాత్రం ఊరి నెత్తిన ఊట ఒకటి మిగిలింది. కుళాయిల్లో పొద్దున పూట వచ్చే ఆ కాసిని నీళ్లు దానివే. ఇప్పుడు సినీషా కన్ను ఆ ఊట మీద పడింది. పైపులో నీళ్లు చాలడం లేదట, ఊటను కూడా కలిపేస్తాడట. డిసెంబరులో నికోలా పునీతుడి పండుగ అవగానే యంత్రాలు వస్తాయని కబురొచ్చింది. ఊట పోతే గోర్నిదోల్ పోయినట్టే. అది ఆ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు, కాకపోతే ఆ ఊళ్లో ఇప్పుడు పసిపిల్లలు లేరు.

పిల్లలు లేక మూతపడిన బడిలోనే మీటింగు పెట్టుకున్నారు. చిన్నాన్న ఊరే కదా, స్తోయాంకా కూడా వెళ్లింది. పెద్దవాళ్లంతా చిన్న బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. బస్సు డ్రైవరు తోజా బల్ల ముందు నిలబడ్డాడు.

"గురువారం గురువారం మేయర్ దర్శనానికి వెళ్లారు కదా అందరూ," అన్నాడు. "ఊట సంగతి ఎవరు అడిగారో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏం, నోళ్లు పడిపోయాయా?"

"అడుగుదామనే వెళ్లానయ్యా," అన్నాడొకడు. "ఆయన కాఫీ తెప్పించాడు. నది సంగతి నేను చూస్తాలే, మీ ఇంటి సంగతి చెప్పు అన్నాడు. మా అమ్మాయికి ఆస్పత్రిలో పని లేదని నోరు జారాను."

"ఇప్పించాడా?"

"చూస్తానన్నాడు."

"నాకూ చూస్తానన్నాడు," అంది వెనక నుంచి ఒకావిడ. "మా సందులో కంకర పోయిస్తానన్నాడు."

"అంతా చూస్తూనే ఉన్నాడు," అన్నాడు తోజా. "ఒక్కొక్కళ్లే వెళ్తారు, ఒక్కో ఎముక పట్టుకుని తోక ఊపుకుంటూ వస్తారు. ఊట వెళ్లి వాడి కూమ్ పైపులో పడుతుంది. మనం మనుషులమేనా?"

"నీకేమయ్యా, నీది ప్రైవేటు బస్సు," అని కసిరిందొకామె. "మా ఆయన చెత్తబండి తోల్తాడు. రేపు తీసేస్తే నువ్వు పెడతావా తిండి?"

గొడవ ముదిరింది. కోర్టుకెళదామన్నారు. జడ్జి మేయర్ పెదనాన్న కొడుకని ఎవరో గుర్తుచేశారు. రాజధానికెళదామన్నారు. అక్కడ ఇలాంటి గ్రాడిమీర్లు అంతస్తుకొకడున్నాడని ఇంకెవరో అన్నారు. స్తోయాంకా ఆ గోలలో తన మాట ఒకటి పడేసింది.

"నికోలా పండుగ నాడు వంటకు రమ్మన్నారు నన్ను, మేయరింట్లో. వాళ్ల స్లావా కదా. టీవీ వాళ్లొస్తారట. నా గుమ్మం ఎప్పుడూ ఎవరికీ మూసి లేదని ఆయన చెప్తాడు, వీళ్లు తీస్తారు."

"అయితే పోదాం పదండి స్లావాకి," అన్నాడు తోజా వెటకారంగా.

అందరూ నవ్వారు. నవ్వు సగంలోనే ఆగింది. స్లావా అంటే మూడు రోజులు సాగే ఇంటి దైవం పండుగ. దానికి ఎవరూ ఎవరినీ పిలవరు. వచ్చినవాణ్ణి పొమ్మనకూడదు, పగవాడైనా సరే. ఇంటాయన పండుగంతా కూర్చోకుండా నిలబడి వచ్చినవాళ్లందరికీ సేవ చేయాలి. గడప దాటిన ప్రతివాడికీ ముందు ఒక చెంచాడు పండ్ల పాకం, గ్లాసుడు నీళ్లు ఇవ్వాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు, కానీ చట్టాన్ని కొనుక్కున్నవాడు కూడా దీన్ని దాటడానికి జంకుతాడు.

"నవ్వుతారేంట్రా," అంది ముసలి యెవ్రోసిమా, ఊళ్లో అందరికంటే పెద్దది. "పోదాం. పాకం నాకుదాం, నీళ్లు తాగుదాం. ఇంకేం అడగొద్దు. కాఫీ వద్దు, రాకియా సారా వద్దు, చేప వద్దు, మా మనవడికి ఉద్యోగం వద్దు. నీళ్లే. మళ్లీ మళ్లీ నీళ్లే."

"ఊళ్లో సగం ఇళ్లకి నికోలానే కదా దైవం," అన్నాడొకడు. "మా ఇంట్లో దీపం వదిలేసి ఎట్లా వస్తాం? మా ఇంటికొచ్చేవాళ్లకి ఎవరు పెడతారు?"

అది నిజమైన చిక్కే. స్లావా నాడు ఇల్లు విడిచి వెళ్లిన ఇంటాయన ఆ లోయలో ఇంతవరకూ పుట్టలేదు. మేయర్ ధీమా కూడా అదే. ఆ రోజు పల్లె కదలదని ఆయన లెక్క.

అప్పటిదాకా గోడవారగా కూర్చున్న రాంజెల్ లేచాడు. ఆయనదీ నికోలా ఇల్లే.

"దీపం నేను వదలను," అన్నాడు. "నాలాంటి వాళ్లం ఇళ్లలోనే ఉంటాం. బల్ల మీద అన్నీ వండి పెడతాం, తలుపు తీసే ఉంచుతాం. మీరు మాత్రం మా ఇళ్లకి రావొద్దు. మా చుట్టాలు, స్నేహితులు, వియ్యంకులు అందరూ అక్కడికే పోండి. ఈ ఏడు మా గడప తొక్కనివాడే మాకు చుట్టం."

ఇంటి పండుగ నాడు ఖాళీ బల్ల ముందు కూర్చోవడమంటే ఏమిటో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. దిక్కులేని చావు కంటే అదే ఘోరమంటారు. తోజా తల దించుకున్నాడు. ఇందాక తిట్టిన చెత్తబండి వాడి పెళ్లామే ముందు చెయ్యెత్తింది.

నికోలా పండుగ క్రిస్మస్‌కు ముందు మాంసం మానే ఉపవాసాల్లో పడుతుంది కాబట్టి బల్ల మీద చేపలే. మల్షాలో చేపలన్నవి లేకుండా చేసిన పెద్దమనిషి ఎక్కడో దూరపు చెరువు నుంచి ఐసు పెట్టెల్లో తెప్పించాడు. స్తోయాంకా తెల్లవారకముందే వచ్చి వాటి పొట్టలు చీల్చడం మొదలుపెట్టింది. మేయర్ భార్య గోర్దానా గాజుగ్లాసులు వెలుతురుకు పెట్టి చూస్తూ, "పనిమనుషుల వేలిముద్రలు కనపడకూడదు," అంది. ఎవరితో అంటోందో గోడకే తెలియాలి.

పాదిరిగారు పండుగ రొట్టె కోసి వెళ్లకుండా బల్ల దగ్గరే స్థిరపడ్డారు. పోలీసు కమాండర్ బెల్టు వదులు చేసుకున్నాడు. సినీషా కూమ్ స్థానంలో, అంటే అందరికంటే మెత్తటి కుర్చీలో కూలబడ్డాడు. మేయర్ కొత్త కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి కెమెరాతో, "నా గుమ్మం తెరిచే ఉంటుంది, ఇది మా తాతల నాటి మర్యాద," అన్నాడు. ఆయన తాత పెరట్లో పందుల దొడ్డి తప్ప గుమ్మమన్నది లేదని లోయంతా ఎరుగును.

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే తోజా బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. వెనకే ట్రాక్టర్లు, పాత కార్లు. లోయలో జనమంతా దిగారు. అందరూ పండుగ బట్టల్లో ఉన్నారు. ఒక్క నినాదం లేదు, ఒక్క జెండా లేదు. యెవ్రోసిమా ముందు నడిచి మేయర్ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"పండుగ నీకు మేలు చెయ్యాలి, ఇంటాయనా."

కెమెరా తిరుగుతోంది. మేయర్ నవ్వక తప్పలేదు. స్తోయాంకా పళ్లెం తెచ్చింది. చెంచాడు చెర్రీ పాకం, గ్లాసుడు నీళ్లు. ముసలిది గుటకలు వేస్తూ చివరి చుక్క దాకా తాగింది.

"నీళ్లు బాగున్నాయి. ఇంకో గ్లాసు."

"రాకియా తీసుకోండి అమ్మమ్మా, చలికి."

"వద్దు నాయనా. నీళ్లే."

ఆమె వెనక చెత్తబండివాడు, వాడి వెనక వాడి పెళ్లాం, ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. అందరూ శుభం పలికారు, అందరూ బుగ్గలు ముద్దాడారు, అందరూ నీళ్లే అన్నారు. గది నిండింది, వసారా నిండింది, వాకిలి నిండింది. ఎవరూ బయటికి వెళ్లరు. తాగినవాడు మళ్లీ గ్లాసు చాపుతాడు. కూర్చునే హక్కు లేని ఇంటాయన పొద్దుటి నుంచి నిలబడి, తలకేసిన రంగు కరిగి చెంపల మీదికి కారుతుంటే, నిన్నటిదాకా పురుగుల్లా చూసినవాళ్లకు వంగి వంగి గ్లాసులందిస్తున్నాడు. స్తోయాంకాకు లోపల ఏదో తేలికపడసాగింది. పళ్లెం మోయడం ఇంత హాయిగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కాసేపటికి మేయర్ వంటింట్లోకి దూసుకొచ్చి తలుపేశాడు.

"వీళ్లని నువ్వే తెచ్చావు."

"నేను చేపలు చీలుస్తున్నానండి."

"నీళ్లు అయిపోయాయని చెప్పు పో."

"ఉన్నాయి కదండీ. కుళాయి విప్పితే దూకుతున్నాయి."

"నెలాఖరుకు నీ సంతకం ఉంది. గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది. అయినా తల అడ్డంగా ఊపింది. మేయర్ తిట్టుకుంటూ వంగి, గట్టు కిందకు చెయ్యి పెట్టి, ఇంటికి నీళ్లొచ్చే వాల్వు తనే తిప్పి కట్టేశాడు. కోటు సర్దుకుని బయటికి వెళ్లి చేతులు జోడించాడు.

"క్షమించాలి. కుళాయిలు ఆగిపోయాయి. ఏం చేయను, నీళ్లు లేవు."

యెవ్రోసిమా అంది, "అయ్యో పాపం. మీకూనా?"

ఇల్లు పగిలిపోయేంత నవ్వు లేచింది. వసారాలో వాళ్లు వాకిట్లో వాళ్లకు చెప్పారు, వాకిట్లో వాళ్లు రోడ్డు మీద వాళ్లకు చెప్పారు. నవ్వు గేటు దాటి వీధిలోకి పోయింది. టీవీ కుర్రవాడు కెమెరా ఊగుతుందని మోచెయ్యి గోడకు ఆనించుకుని మరీ నవ్వాడు.

నాయకుడనే వాడు తిట్లు తట్టుకుంటాడు, నవ్వు తట్టుకోలేడు. గ్రాడిమీర్ మొహం కందగడ్డలా అయింది.

"బయటికి పొండి," అని అరిచాడు. "అందరూ. దొంగ వెధవల్లారా, నా ఇంట్లోంచి బయటికి."

పాదిరిగారు చెంచా కింద పెట్టేశారు. కూమ్ సినీషా కూడా తలెత్తలేదు. స్లావా నాడు ఇంటికొచ్చినవాళ్లను ఇంటాయన గెంటేయడం, అదీ వెలుగుతున్న పండుగ కొవ్వొత్తి ముందు, ఇంతవరకూ ఎవరూ చూడలేదు. జనం గొడవ చేయలేదు. ఒక్కొక్కరే శిలువ గుర్తు వేసుకుని, ఖాళీ గ్లాసులు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, బయటికి నడిచారు. వాళ్ల వెనకే గేటు మూశారు, గొలుసు వేశారు.

స్తోయాంకా వంటింట్లో అది విన్నది. ఏప్రాన్ విప్పి చేపల పొలుసుల మీద పడేసింది. వాల్వు తిప్పింది, బకెట్ నింపింది, నాలుగు గ్లాసులూ గరిటే తీసుకుంది, దొడ్డిగుమ్మం గుండా చుట్టూ తిరిగి గేటు బయటికి వచ్చి గరిటెతో గ్లాసులు నింపసాగింది. సగం నీళ్లు తన బూట్ల మీదే పోసుకుంది. ఆమె తాగిస్తోంది గోర్నిదోల్ వాళ్లకే కాదు. వీధిలో వాళ్లూ వచ్చి నిలబడ్డారు. ఆస్పత్రి నర్సులు వచ్చారు. బడి నుంచి ఒక టీచరమ్మ వచ్చి, "నాకూ ఒక గ్లాసు, స్తోయాంకా," అంది. ఆమె జేబులోనూ పార్టీ కార్డుంది.

కమాండర్ పళ్లలో ఇరుక్కున్న ముల్లు పీక్కుంటూ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. శాంతిభద్రతలకు భంగమట. బకెట్‌ను కూడా సాక్ష్యంగా జీపులో పడేశారు.

మర్నాడు స్టేషన్లో మీసాలు సరిగా రాని ఇన్‌స్పెక్టర్ ఒకడు ఆమెను అడిగిందే అడిగాడు.

"వాళ్లను మేయరుగారింటికి ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు."

"అబద్ధం. అంతమంది పిలవకుండా వస్తారా?"

"ఏ ఊరు బాబూ మీది?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీ ఇంటి స్లావాకి మీ అమ్మ మనుషుల్ని పిలుస్తుందా?" అంది స్తోయాంకా.

అతను కలం మూత పెట్టేశాడు. బయట వరండాలో గుంపు పెరుగుతోంది. అందరూ బకెట్ తిరిగివ్వమని అడుగుతున్నారు. గేటు గొలుసు బొమ్మ పట్నంలో ప్రతి ఫోన్లోకీ చేరింది. మధ్యాహ్నానికి ఆమెను వదిలేశారు. వదిలేస్తూ, బడి వంటశాలకు ఇక రానక్కర్లేదని నోటిమాటగా చెప్పారు. ఆమె ఏడ్చింది. మెట్ల మీద కూర్చుని, ఎవరు చూసినా లెక్కచేయకుండా ఏడ్చింది. పదిహేనేళ్లు వండిపెట్టిన పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. తోజా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"యంత్రాలు బయల్దేరాయక్కా," అన్నాడు. "పండుగ అయ్యేదాకా ఆగుతామన్న నా కొడుకులు రెండో రోజే పంపించారు. నిన్నటి కసి."

"మరి ఇక్కడ కూర్చోబెడతావేంటి నన్ను," అని ఆమె లేచింది.

బస్సు కిక్కిరిసి ఉంది. అందులో నర్సులున్నారు, టీచరమ్మ ఉంది, మూతపడ్డ మిల్లులో ఒకప్పుడు నేసిన ఆడవాళ్లున్నారు. లోయ పొడవునా మంచు తేలిగ్గా కురుస్తోంది. గోర్నిదోల్ మలుపు తిరగగానే తోజా బ్రేకు వేశాడు.

ఊటకు వెళ్లే దారికి అడ్డంగా బల్లలు. రాంజెల్ బల్ల, దాని పక్కన ఇంకొకరిది, ఇంకొకరిది, నికోలా దైవమైన ప్రతి ఇంటి బల్లా ఈ కొండ అంచు నుంచి ఆ కొండ అంచుదాకా వరసగా వేసి ఉంది. నిన్న ఎవరూ ముట్టని చేపలు, చిక్కుడు కూర, పాకం సీసాలు, పండుగ రొట్టెలు అన్నీ వాటి మీద ఉన్నాయి. గాలికి ఆరకుండా కొవ్వొత్తులను లాంతర్లలో పెట్టారు. బల్లల వెనక ఇంటాయనలు టోపీలు తీసి నిలబడ్డారు. బల్లల ముందు సినీషా యంత్రం ఇంజను తిప్పుతూ ఆగి ఉంది.

"తియ్యండి బాబాయిలూ," అంటున్నాడు డ్రైవరు. పక్క మునిసిపాలిటీ కుర్రాడు. "నా పని పోతుంది."

"నీ చేత్తో తియ్యి," అన్నాడు రాంజెల్. "కొవ్వొత్తి వెలుగుతున్న బల్ల లాగెయ్యగలిగితే లాగెయ్యి. మేము అడ్డం రాము."

కుర్రాడు బల్లల వంక చూశాడు. కిందకు దిగాడు, మళ్లీ పైకెక్కాడు, ఇంజను ఆపాడు. మళ్లీ దిగి టోపీ తీసేశాడు.

"పండుగ మీకు మేలు చెయ్యాలి," అన్నాడు నేల చూస్తూ.

"రా, కూర్చో. నిన్నటి నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు, నువ్వే మొదటివాడివి."

బస్సు ఖాళీ అయింది. పిలవకుండా వచ్చినవాళ్లంతా బల్లల చుట్టూ కూర్చున్నారు. స్తోయాంకా అలవాటు కొద్దీ పళ్లెం అందుకోబోయింది. రాంజెల్ ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"కూర్చోవే. ఈ రోజు నిలబడాల్సింది నేను."

ఆమె యంత్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. చిన్నాన్న వంగి ఆమె ముందు నీళ్ల గ్లాసు పెట్టాడు. ఊట నీళ్లు, పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

సాయంత్రానికి కింద మలుపులో పోలీసు బళ్లు కనిపించాయి. కమాండర్ దిగి, బల్లలను, బల్లల చుట్టూ కూర్చున్న పట్నాన్ని, పల్లెను చూసి, గొంతు సవరించుకున్నాడు. ఆయన వెనక పోలీసులు దిగారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే టోపీలు తీసేశారు. అది ఆయన చూడలేదు.

"దారి ఖాళీ చెయ్యండి. ఎంతసేపు కూర్చుంటారిలా?"

"స్లావా మూడు రోజులు," అన్నాడు రాంజెల్.

"ఆ తర్వాత?"

సమాధానం స్తోయాంకా చెప్పింది, వెనక్కి తిరిగి చూడకుండానే.

"ఆ తర్వాత పండుగ కాదు. ఆ తర్వాత ఉత్తినే కూర్చుంటాం."